స్వతంత్ర పార్టీ: 44 సీట్ల నుంచి 8 సీట్లకు, ఒక కేస్ స్టడీ

1967 లోక్‌సభ ఎన్నికల్లో స్వతంత్ర పార్టీకి 44 సీట్లు వచ్చాయి. సభలో కాంగ్రెస్ తర్వాత పెద్ద పార్టీ అదే. నాలుగేళ్లు తిరిగేసరికి, 1971లో 8 సీట్లు మిగిలాయి. 1974 ఆగస్టులో పార్టీ మరో పార్టీలో కలిసిపోయింది. పుట్టిన దగ్గర నుంచి పదిహేనేళ్లలో కథ పూర్తయింది.

చిన్న పార్టీలకు, స్థానిక ఎన్నికల్లో సొంతంగా పోటీ చేసే వేదికలకు బూత్ కమిటీలు కట్టడం, ఓటరు జాబితా చదవడం, అభ్యర్థిని ఎంచుకోవడం నేర్పడం నా పని. శిక్షణ తరగతుల్లో నేను ఎక్కువగా వాడే కేసు ఇదే. మనిషి స్వేచ్ఛ, ఆస్తి హక్కు, ప్రభుత్వ జోక్యానికి హద్దు అనే మూడు మాటల మీద మన దేశంలో జాతీయ స్థాయిలో నిలబడ్డ పార్టీ ఇదొక్కటే అని నా అభిప్రాయం. దాని తొలి అధ్యక్షుడు అప్పటి గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా. అయినా ఈ రోజు మన ఊళ్ళలో నలభై ఏళ్ల లోపు వాళ్ళని అడిగితే పార్టీ పేరు కూడా తెలియదంటారు. నాకు ఇది బాధ కలిగించే విషయం. అందుకే ఈ కేసుని వివరంగా రాస్తున్నాను.

నాగపూర్ తీర్మానం

1955లో ఆవడి మహాసభలో కాంగ్రెస్ సోషలిస్టు తరహా సమాజమే తన లక్ష్యమని ప్రకటించింది. 1956లో రెండో పంచవర్ష ప్రణాళిక మొదలైంది. భారీ పరిశ్రమలు ప్రభుత్వం చేతిలోకి వెళ్ళాయి. మిగతా వాటికి ఫ్యాక్టరీ పెట్టాలంటే లైసెన్సు, పెంచాలంటే మళ్ళీ లైసెన్సు, యంత్రం దిగుమతికి పర్మిట్, ముడిసరుకుకి కోటా. ఈ పద్ధతికి 'పర్మిట్-లైసెన్స్ రాజ్' అని పేరు పెట్టింది రాజాజీ (చక్రవర్తి రాజగోపాలాచారి).

ఇదంతా నగరాల గొడవ, ఫ్యాక్టరీల గొడవ. దీని మీద ఒక్కదాని మీదే జాతీయ పార్టీ పుట్టేది కాదు. పల్లెని కదిలించింది 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ చేసిన తీర్మానం. మొదటి మెట్టుగా మూడేళ్లలో దేశమంతా సేవా సహకార సంఘాలు పెట్టాలి. చివరికి సేద్యం ఉమ్మడి సహకార పద్ధతిలో సాగాలి. భూమి మీద హక్కు రైతుదే, ఆ భూమిని బట్టి పంటలో వాటా వస్తుంది, పనిచేసినవాళ్ళకు పనిని బట్టి వాటా వస్తుంది. కాగితం మీద ఇది నెమ్మదైన ప్రణాళికలాగే కనిపిస్తుంది.

కోస్తా జిల్లాల రైతుకి అది అలా వినపడలేదు. ఇక్కడ రైత్వారీ పద్ధతి. పట్టా తన పేరున ఉంటుంది, శిస్తు నేరుగా సర్కారుకే కడతాడు, మధ్యలో జమీందారు ఉండడు. అలాంటి రైతుకి ఉమ్మడి సేద్యమంటే గట్లు చెరిపేయడమే. గట్టు పోయాక పట్టా పుస్తకం పెట్టెలో ఉంటే మాత్రం ఏం లాభం? హక్కు ఉంటుందని తీర్మానంలో రాసినంత మాత్రాన, ఏ చెక్కలో ఏం వెయ్యాలో తేల్చుకునే అధికారం పోయాక ఆ హక్కుకి అర్థం ఉండదని రైతు సరిగ్గానే గ్రహించాడని నేను నమ్ముతాను. నాగపూర్‌లోనే ఉత్తరప్రదేశ్ నాయకుడు చరణ్ సింగ్ కూడా దీన్ని గట్టిగా ఎదిరించారు. ఆయన కాంగ్రెస్‌లోనే ఉండిపోయారు. ఎన్.జి. రంగా బయటికి వచ్చారు.

ముగ్గురు మనుషులు

రంగా అప్పటికి కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి. 1900లో నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, తిరిగొచ్చి రైతుల కోసం సొంతూళ్ళోనే పాఠశాల పెట్టిన మనిషి. కాంగ్రెస్‌ని వదలడం ఆయనకు కొత్త కాదు. 1951లో బయటికి వచ్చి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కాంగ్రెస్‌తో కలిసి ఆ పార్టీ 22 సీట్లు గెలిచి, తర్వాత కాంగ్రెస్‌లో కలిసిపోయింది. రంగా ఆలోచనకు కేంద్రం సొంత పనిముట్లతో, సొంత కుటుంబ శ్రమతో బతికే మనిషి. రైతు, నేతగాడు, కమ్మరి, చిల్లర కొట్టువాడు, అందరూ ఆయన లెక్కలో ఒకే వర్గం. ఒకడి దగ్గర జీతానికి ఉండని ఈ జనమే దేశంలో ఎక్కువమంది, వీళ్ళ స్వేచ్ఛని కాపాడే పార్టీ లేదు అన్నది ఆయన వాదన. మన దేశపు లిబరల్ ఆలోచనలో నేలకి ఇంత దగ్గరి మాట ఇంకెవరూ చెప్పలేదు.

రెండో మనిషి మినూ మసానీ. 1934లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీని స్థాపించినవాళ్ళలో ఒకరు. సోవియట్ యూనియన్‌లో జరిగింది చూసి సోషలిజం మీద నమ్మకం వదులుకున్నారు. బొంబాయిలో 1956లో ఎ.డి. ష్రాఫ్ పెట్టిన, ప్రైవేటు వ్యాపారాన్ని సమర్థించే ఫోరమ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ చుట్టూ చేరిన ప్రపంచం ఆయనది. అంకెలు, బడ్జెట్ విశ్లేషణ, కరపత్రాలు, పార్లమెంటు ప్రసంగాలు ఆయన బలం.

మూడోవారు రాజాజీ. అప్పటికి ఆయనకు 80 ఏళ్ళు. గవర్నర్ జనరల్ పదవి చేసి, మద్రాసు ముఖ్యమంత్రిగా చేసి, ఇక ఏ పదవీ అక్కర్లేని మనిషి. తెలుగు జర్నలిస్టు ఖాసా సుబ్బారావు నడిపిన స్వరాజ్య వారపత్రికలో వారం వారం రాస్తూ ఉండేవారు. పొలాన్నీ, కుటుంబాన్నీ సర్కారు నుంచి కాపాడుకోవాలి అనే పద్ధతిలో పార్టీ సందేశాన్ని మామూలు మనిషికి చేర్చింది ఆయనే. నెహ్రూకి ఎదురుగా నిలబడి, నెహ్రూ స్థాయిలో మాట్లాడగల గొంతు పార్టీలో అదొక్కటే.

1959 జూన్ 4న మద్రాసులో కొత్త పార్టీ ప్రకటన వచ్చింది. ఆగస్టులో బొంబాయిలో సన్నాహక సమావేశం జరిగింది. 1960 మార్చిలో పాట్నాలో మొదటి జాతీయ మహాసభ. రంగా అధ్యక్షుడు, మసానీ ప్రధాన కార్యదర్శి. కె.ఎం. మున్షీ, వి.పి. మీనన్ లాంటి పేరున్నవాళ్ళు వెంట ఉన్నారు. తర్వాత వచ్చిన ఎన్నికల గుర్తు నక్షత్రం.

నా పని అనుభవంతో ఇక్కడ ఒక మాట. ముగ్గురు వ్యవస్థాపకుల్లో ఇద్దరికి తమ వెనక ఊళ్ళు లేవు. రంగాకి మాత్రమే ఉన్నాయి, అవి కూడా ఆంధ్రలో కొన్ని జిల్లాల్లో. ఉత్తరాదిలో ఆ ఖాళీని ఎవరితో నింపారన్న దగ్గరే పార్టీ తలరాత మొదలైంది.

పార్టీ కోరినవి

పార్టీ మౌలిక సూత్రాలు 21. వ్యక్తికి వీలైనంత ఎక్కువ స్వేచ్ఛ, రాజ్యానికి వీలైనంత తక్కువ జోక్యం అనేది వెన్నెముక. ఆ వాక్యంలోనే బలహీనులను కాపాడే బాధ్యత, సంఘవిద్రోహాన్ని అణచే బాధ్యత రాజ్యానిదేనని కూడా ఉంది. ఈ రెండో సగాన్ని విమర్శకులు ఎప్పుడూ చదవలేదు. తిండి, నీళ్ళు, ఇల్లు, బట్ట అనే కనీస అవసరాలకే ప్రభుత్వం మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా సూత్రాల్లో ఉంది. ఉక్కు కర్మాగారం కంటే మంచినీటి బావి ముందు రావాలన్న మాట అది.

వ్యవసాయంలో రైతు సొంతదారుగానే ఉండాలి, అతనికి నీరు, అప్పు, ధర అందాలి, ఉమ్మడి సేద్యం వద్దు. పరిశ్రమలో పోటీ ఉండాలి, ప్రభుత్వం ప్రైవేటువాళ్ళు చెయ్యలేని భారీ పరిశ్రమలకూ, రైల్వేల్లాంటి జాతీయ సేవలకూ పరిమితం కావాలి. ప్రజల ఆస్తి తీసుకుంటే న్యాయమైన పరిహారం ఇవ్వాలి. పన్నులు తగ్గాలి, లోటు బడ్జెట్లతో ధరలు పెంచకూడదు. ధనవంతుడి విషయంలో గాంధీ చెప్పిన ధర్మకర్తృత్వాన్ని, అంటే సంపదని సమాజం తరఫున చూసుకోవడాన్ని, సూత్రంగా పెట్టుకున్నారు. ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న లిబరలిజం మాత్రమే అయితే ఈ చివరి మాట ఉండేది కాదు.

21వ సూత్రం దగ్గర కాస్త ఆగాలి. మౌలిక సూత్రాల్లో లేని ఏ విషయం మీదైనా సభ్యుడు తన అభిప్రాయం ప్రకారం మాట్లాడవచ్చు, ఓటు వెయ్యవచ్చు. పార్టీ విప్ అతని నోరు కట్టెయ్యదు. ఫిరాయింపుల చట్టం కింద పెరిగిన మన తరానికి ఇది వింతగా ఉంటుంది. స్వేచ్ఛ పేరు పెట్టుకున్న పార్టీ ముందు తన ఇంట్లో స్వేచ్ఛ ఇవ్వాలి కదా, అందుకని ఇది నిజాయితీ గల నియమం. దీని పుణ్యాన ఒకరితో ఒకరికి పొత్తు కుదరని జనం ఒకే గొడుగు కిందికి వచ్చారు. హిందీని రుద్దడాన్ని రాజాజీ తీవ్రంగా ఎదిరించారు, ఉత్తరాది శాఖలకు ఆ వైఖరి మింగుడుపడదు. సూత్రాల్లో భాష ప్రస్తావన లేదు కాబట్టి రెండూ సాగాయి.

ఇదే నియమం ఊళ్ళో కార్యకర్తని ఇబ్బంది పెట్టింది. ఓటరు అడిగేవి సరిగ్గా సూత్రాల్లో లేని విషయాలే. భాష మీద మీ పార్టీ ఏమంటుంది? మా కాలువ సంగతేంటి? దానికి కార్యకర్త 'అది ఎవరిష్టం వాళ్ళది' అంటే, ఆ ఇంటి గుమ్మంలో రెండో మాట ఉండదు. ఈ నియమాన్ని తీసెయ్యాలని నేను అనను. ప్రతి రాష్ట్ర శాఖ తన ప్రాంతపు పది ప్రశ్నలకు తానే జవాబు రాసుకుని, దానికి కట్టుబడి ఉండే ఏర్పాటు దీని పక్కన ఉండి ఉంటే సరిపోయేది.

ఓట్లు ఎవరివి

1962లో పోటీ చేసిన మొదటిసారే లోక్‌సభలో 18 సీట్లు, దాదాపు 7.9 శాతం ఓట్లు. బీహార్, రాజస్థాన్, గుజరాత్ శాసనసభల్లో కాంగ్రెస్ తర్వాత పెద్ద పార్టీ. పుట్టి మూడేళ్లయినా నిండని పార్టీకి ఇది గొప్ప ఫలితం. ఆ ఏడాదే ఒడిశాలో బలంగా ఉన్న గణతంత్ర పరిషత్ వచ్చి కలిసింది.

ఇప్పుడు లోపలికి చూద్దాం. బీహార్ ఓటు రామ్‌గఢ్ రాజా కామాఖ్య నారాయణ్ సింగ్‌ది. ఆయన తన జనతా పార్టీతో సహా వచ్చి చేరారు. 1964లో తన మనుషుల్ని వెంటబెట్టుకుని కాంగ్రెస్‌లోకి వెళ్ళిపోయారు. బీహార్‌లో పార్టీ ఒక్కరోజులో ఖాళీ అయింది. రాజస్థాన్‌లో జైపూర్ మహారాణి గాయత్రీదేవి 1962లో 1,92,909 ఓట్లతో గెలిచారు, పోలైన ఓట్లలో మూడొంతులకు పైగా. ప్రపంచ రికార్డుగా చెప్పుకున్న గెలుపు అది. ఆ ఓట్లలో రాచకుటుంబం మీద అభిమానం ఎంత, పర్మిట్-లైసెన్స్ రాజ్ మీద కోపం ఎంత అని అడిగితే జవాబు అందరికీ తెలుసు.

తరగతిలో నేను పాల్గొనేవాళ్ళ చేత ఒక పట్టిక రాయిస్తాను. గెలిచిన ప్రతి చోటా మూడు ప్రశ్నలు. అభ్యర్థి పార్టీ మారితే ఈ ఓటు ఎటు పోతుంది? పొత్తు తెగితే ఎటు పోతుంది? రెండూ పోయినా మన గుర్తుకే పడే ఓటు ఎంత? మొదటి రెండిట్లో పోయేది అరువు ఓటు. మూడోదే సొంత ఓటు.

1967, ఆ తర్వాతి ఫలితాలను ఈ పట్టికలో పెడితే కళ్ళు తెరుచుకుంటాయి. మద్రాసు రాష్ట్రంలో డీఎంకే పొత్తుతో శాసనసభలో 20 సీట్లు. 1971లో డీఎంకేకి ఎదురు నిలిచి పోటీ చేస్తే 6. రాజాజీ బతికే ఉన్నారు, ప్రచారం చేస్తూనే ఉన్నారు. మారింది పొత్తు ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో 1967లో 29 సీట్లు, 1972లో 2. ఒడిశాలో మాత్రం 1967లో 49, 1971లో 36. పడింది గానీ కూలలేదు. కారణం అక్కడ గణతంత్ర పరిషత్ రోజుల నుంచీ ఊరూరా మనుషులున్న పాత నిర్మాణం. 1967 నుంచి 1971 వరకు ఆర్.ఎన్. సింగ్ దేవ్ ముఖ్యమంత్రిగా ప్రభుత్వం నడిపింది కూడా ఒడిశాలోనే. ఆయన కూడా రాజకుటుంబీకుడే. అంటే రాజా ఉండటమే తప్పు అని కాదు, రాజా కింద కమిటీ ఉందా లేదా అన్నదే అసలు తేడా.

ఇప్పటి బీజేపీకి పూర్వరూపమైన జనసంఘ్‌తో పోల్చి చూడండి. 1967లో స్వతంత్రకి 8.67 శాతం ఓట్లతో 44 సీట్లు వస్తే, జనసంఘ్‌కి 9 శాతానికి పైగా ఓట్లు వచ్చినా సీట్లు 35. సీట్లు చూసినవాళ్ళు స్వతంత్రదే పైచేయి అనుకున్నారు. 1971లో జనసంఘ్ 7 శాతానికి పైగా ఓట్లు, 22 సీట్లు నిలబెట్టుకుంది. స్వతంత్ర 3.07 శాతానికి, 8 సీట్లకు పడిపోయింది. రెండూ ఒకే కూటమిలో పోటీ చేసి, ఒకే గాలికి ఎదురు నిలిచాయి. గెలిచినా ఓడినా మర్నాడు పొద్దున ఆర్‌ఎస్‌ఎస్ శాఖకి వచ్చే మనుషులు జనసంఘ్‌కి ఉన్నారు.

ఆంధ్రలో

మనకు దగ్గరి విషయం కాబట్టి దీని మీద ఎక్కువ రాస్తున్నాను. 1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో స్వతంత్రకి 19 సీట్లు, కమ్యూనిస్టులకు 51. కాంగ్రెస్ మీద కోపం ఉన్న ఓటరు అప్పటికింకా కమ్యూనిస్టుల వైపే చూస్తున్నాడు. రంగా సొంత గడ్డ తెనాలి లోక్‌సభ స్థానంలోనే కమ్యూనిస్టు అభ్యర్థి కొల్లా వెంకయ్య గెలిచారు. రంగా తర్వాత చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి సభకు వెళ్ళారు. 1967 నాటి సభలో ఆయన శ్రీకాకుళం సభ్యుడు. గుంటూరు మనిషి ఒక చివర చిత్తూరు, మరో చివర శ్రీకాకుళం వెళ్ళి నిలబడటంలో ఆయన పేరు ఎంత దూరం పాకిందో తెలుస్తుంది, సొంత నియోజకవర్గంలో నిర్మాణం ఎంత పలచగా ఉందో కూడా తెలుస్తుంది.

శ్రీకాకుళంలో పార్టీ నిలబడింది గౌతు లచ్చన్న వల్ల. బారువ ప్రాంతం నుంచి వచ్చిన వెనకబడిన కులాల నాయకుడు. గీత కార్మికుల కోసం, పేద రైతుల కోసం దశాబ్దాలు పనిచేసినవాడు, కృషికార్ లోక్ పార్టీ రోజుల నుంచీ రంగాతో నడిచినవాడు. సోంపేటలో ఆయనకి పడింది పార్టీ ఓటు, ఆయన ఓటు రెండూ కలిసిపోయిన ఓటు. ఆ మనిషి రోజూ జనంలో ఉండేవాడు కాబట్టి అలా కలిసింది. పార్టీ అంటే రాజాలు, బొంబాయి షావుకార్లు అని ఢిల్లీలో ఎవరన్నా అంటే, సోంపేటకి వచ్చి చూడమని చెప్పగల ఉదాహరణ ఇది. పార్టీ కేంద్ర నాయకత్వం దీన్ని ముందు పెట్టి ఉండాల్సింది. లచ్చన్న లాంటివాళ్ళు పది రాష్ట్రాల్లో తయారై ఉంటే ఈ కేసు వేరేగా రాసుకునేవాళ్ళం.

ఆంధ్రలో ఇంకో చిక్కు ఉంది. మన జిల్లాల్లో కాంగ్రెస్ లోపలి గ్రూపు తగాదా ఎప్పుడూ కులాల లెక్కతో నడిచింది. రంగా బయటికి వచ్చినప్పుడు ఆయన వెంట వచ్చిన నాయకుల్లో కొందరిది సిద్ధాంతం, కొందరిది ఆ తగాదా. రెండో రకం వాళ్ళకు కాంగ్రెస్‌లో తమ గ్రూపుకి పిలుపు రాగానే వెళ్ళిపోవడం సులువు. కొత్త పార్టీలోకి వచ్చేవాళ్ళని 'ఎందుకొచ్చావు' అని అడగడానికి నాయకులు మొహమాటపడతారు. అడగాలి.

పార్లమెంటులో, కోర్టులో

ఓట్ల దగ్గర ఎంత బలహీనమో, సభ లోపల పార్టీ అంత బలంగా పనిచేసింది. 1963 ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వం మీద మొదటి అవిశ్వాస తీర్మానం కృపలానీ పెట్టినప్పుడు, అదే ఏడాది రాజ్‌కోట్ ఉపఎన్నికలో గెలిచి వచ్చిన మసానీ ప్రభుత్వ లెక్కల్ని సభలో చీల్చి చూపించారు. తీర్మానం 62 మీద 347 ఓట్లతో వీగిపోయింది. అయినా ప్రభుత్వం జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. 1967లో ప్రభుత్వ ఖర్చుల లెక్కలు పరిశీలించే పార్లమెంటు ప్రజా పద్దుల సంఘానికి ప్రతిపక్షం నుంచి మొట్టమొదటి అధ్యక్షుడు మసానీ. ఆ సంప్రదాయం ఈ రోజుకీ నడుస్తోంది.

రైతు కోణంలో అసలు యుద్ధం 17వ రాజ్యాంగ సవరణ మీద జరిగింది. కేరళ భూసంస్కరణ చట్టం విషయంలో 1961లో సుప్రీంకోర్టు, రైత్వారీ భూములు 'ఎస్టేటు' కిందికి రావని చెప్పింది. దానికి విరుగుడుగా ప్రభుత్వం ఎస్టేటు నిర్వచనంలోకి రైత్వారీ భూముల్నీ చేర్చి, 44 చట్టాలను కోర్టులు ముట్టుకోకుండా తొమ్మిదో షెడ్యూల్లో పెట్టాలనుకుంది. మొదటి ప్రయత్నంలో కావలసిన మెజారిటీ రాక బిల్లు ఆగిపోయింది. 1964 జూన్‌లో మళ్ళీ తెచ్చి నెగ్గించారు. జమీందారు ఎస్టేటునీ, ఐదెకరాల పట్టా రైతునీ ఒకే మాట కింద కట్టెయ్యడం రంగాకి భరించరానిదిగా అనిపించింది. ఆయన దేశమంతా తిరిగి రైతులకు చెప్పారు. సవరణ ఆగలేదు. దానిలో ఒక రక్షణ మాత్రం చేరింది. సీలింగు లోపల స్వయంగా సాగుచేసుకుంటున్న భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ ధరకి తగ్గకుండా పరిహారం ఇవ్వాలి. రాజ్యాంగం 31ఎ అధికరణంలో ఆ వాక్యం ఇప్పటికీ ఉంది. భూసేకరణ గొడవలో ఉన్న రైతులకు నేను ఈ వాక్యాన్ని చదివి వినిపిస్తుంటాను.

1969 జూలైలో 14 బ్యాంకుల్ని జాతీయం చేసినప్పుడు సుప్రీంకోర్టుకి వెళ్ళిన ఆర్.సి. కూపర్ ఈ పార్టీకి చెందినవారే. 1970 ఫిబ్రవరిలో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. న్యాయశాస్త్రంలో గొప్ప తీర్పు. రాజకీయంగా మాత్రం దెబ్బ. బ్యాంకు షేర్ల తరఫున, ఆ తర్వాత రాజుల భరణాల తరఫున కనిపించే పార్టీగా దాన్ని చూపించడం ఇందిరాగాంధీకి సులువైంది. పట్టా రైతు కోసం 1964లో చేసిన పోరాటం ఎవరికీ గుర్తులేదు. కేసు గెలిస్తే ఊళ్ళో ఏం చెప్పాలో ముందే రాసుకోవాలని నేను అంటుంటాను. ఇక్కడ ఆ పని జరగలేదు.

డబ్బు

వ్యాపారవర్గం ఈ పార్టీని పోషించిందని అందరూ అనుకుంటారు. కొంతవరకే నిజం. లైసెన్సు ఇచ్చే చెయ్యి కాంగ్రెస్‌ది అయినప్పుడు వ్యాపారి ప్రతిపక్షానికి బహిరంగంగా చందా ఇవ్వడానికి జంకుతాడు. 1961లో జె.ఆర్.డి. టాటా, కాంగ్రెస్‌తో పాటు స్వతంత్రకి కూడా చందా ఇవ్వాలనుకుంటున్నట్టు నెహ్రూకి ముందే ఉత్తరం రాసి చెప్పారు. ఆరోగ్యకరమైన ప్రతిపక్షం ఉండాలన్నది ఆయన కారణం. అంత పెద్ద సంస్థకే ముందుగా చెప్పి ఇవ్వాల్సి వచ్చిందంటే మిగతావాళ్ళ పరిస్థితి ఊహించుకోవచ్చు. 1969లో కంపెనీల చందాలనే చట్టం నిషేధించింది. 1985 దాకా ఆ నిషేధం ఉంది. నల్లడబ్బు తీసుకునే అలవాటు ఉన్న పార్టీలకు దీంతో ఇబ్బంది లేదు. చెక్కు మీద నడిచే పార్టీకే ఊపిరాడలేదు. ఎన్నికల ఖర్చు ప్రభుత్వమే భరించాలని రాజాజీ ఎన్నోసార్లు రాశారు. రూపాయి చొప్పున లక్షమంది సభ్యుల దగ్గర వసూలు చేసే పద్ధతి మాత్రం పార్టీలో వేళ్ళూనుకోలేదు. ఆ పని కష్టం, విసుగు. కానీ రూపాయి ఇచ్చినవాడు ఓటు కూడా తనదే అనుకుంటాడు.

1971, ఆ తర్వాత

లోక్‌సభ ఎన్నికలు ఏడాది ముందే, చాలా రాష్ట్రాల్లో శాసనసభ ఎన్నికల నుంచి విడిగా వచ్చాయి. అంతకుముందు లోక్‌సభ ఓటు శాసనసభ అభ్యర్థి వెంట నడిచేది, ఆ అభ్యర్థి స్థానిక రాజానో, రైతు పెద్దనో. ఈసారి ఓటరు ముందున్నది ఇందిరాగాంధీ ఒక్కరే, 'గరీబీ హటావో' ఒక్కటే. స్వతంత్ర, జనసంఘ్, 1969 చీలికలో ఇందిరకు ఎదురు నిలిచిన పాత కాంగ్రెస్, సంయుక్త సోషలిస్టులు కూటమి కట్టి ఇందిరను దించాలన్నారు. జీవితమంతా సోషలిజాన్ని విమర్శించిన పార్టీ సోషలిస్టులతో కలిసి ఓట్లడిగితే, ఆ పార్టీని నమ్మినవాడు ఎవరికి ఏమని చెప్పుకోవాలి? ఈ కూటమి పెద్ద పొరపాటని నా అభిప్రాయం. ఒంటరిగా పోటీ చేసినా ఓడేది, కానీ తన సొంత ఓటు ఎంతో దానికి తెలిసేది.

ఫలితాల తర్వాత, అప్పటికి పార్టీ అధ్యక్షుడిగా ఉన్న మసానీ ఆ పదవికి రాజీనామా చేశారు. రంగా కాంగ్రెస్‌లోకి తిరిగి వెళ్ళారు, తర్వాత గుంటూరు నుంచి చాలాకాలం ఎంపీగా ఉన్నారు. 1972 డిసెంబర్ 25న రాజాజీ కన్నుమూశారు. 1974 ఆగస్టులో పీలూ మోదీ నాయకత్వంలో మిగిలిన పార్టీ, చరణ్ సింగ్ భారతీయ లోక్‌దళ్‌లో కలిసింది. పదిహేనేళ్ల కింద నాగపూర్‌లో రంగాతో పాటు ఉమ్మడి సేద్యాన్ని ఎదిరించిన ఆ చరణ్ సింగే. ఉత్తరాది రైతుకీ, ఆంధ్ర రైతుకీ మధ్య ఆ వంతెన 1959లోనే పడి ఉంటే పార్టీకి రాజాల అవసరం ఎంత ఉండేదో ఆలోచించాలి.

1977లో జనతా ప్రభుత్వం వచ్చింది. స్వతంత్ర నుంచి వచ్చిన హెచ్.ఎం. పటేల్ అందులో ఆర్థికమంత్రి. ఆ ప్రభుత్వ హయాంలోనే 1978లో 44వ సవరణ ద్వారా ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితా నుంచి పోయింది. విలీనమైన పార్టీ తన ముఖ్య సూత్రాన్ని కాపాడుకోలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. విలీనం గురించి సలహా అడిగే చిన్న పార్టీలకు నేను ముందు ఈ తేదీ చెబుతాను.

మన దగ్గర తర్వాత పౌరుడు కేంద్రంగా రాజకీయం నడపాలని 2006లో పార్టీగా మారిన లోక్‌సత్తా, 2009లో 294 స్థానాల సభలో ఒక్క కూకట్‌పల్లి గెలుచుకుంది. సిద్ధాంతంలో పూర్తిగా ఒకటి కాకపోయినా, చదువుకున్న నగర ఓటరు దాటి పల్లెలోకి నిర్మాణం వెళ్ళకపోవడమన్న చిక్కు అక్కడా కనిపిస్తుంది.

ఈ రోజు స్వతంత్ర లాంటి పార్టీ పెట్టాలనుకునేవాళ్ళకు మొదటి అడ్డంకి బూత్ దగ్గర ఉండదు, రిజిస్ట్రేషన్ ఫారం దగ్గరే ఉంటుంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1989 నుంచి అమల్లో ఉన్న 29ఎ సెక్షన్ ప్రకారం, ఎన్నికల సంఘం దగ్గర నమోదు కావాలంటే పార్టీ నియమావళిలో సోషలిజం, సెక్యులరిజం, ప్రజాస్వామ్యం సూత్రాలకు విధేయత ప్రకటించాలి. దీన్ని సవాలు చేస్తూ మహారాష్ట్రలోని పాత స్వతంత్ర పార్టీ వాళ్ళు 1990లలో బొంబాయి హైకోర్టుకి వెళ్ళారు. సెక్షన్ మారలేదు. ప్రజాస్వామ్యానికి విధేయత అడగడం సబబే. ఒక ఆర్థిక సిద్ధాంతానికి విధేయత అడగడం సబబు కాదు. ఆ సిద్ధాంతాన్ని ఓట్ల ద్వారా మార్చాలనుకునే పౌరుడికి ప్రజాస్వామ్యంలో చోటుండాలి. ఆ ఒక్క మాటని సెక్షన్‌లోంచి తీసెయ్యాలని నేను కోరుతున్నాను. అప్పటిదాకా, కొత్తగా పార్టీ నమోదు చెయ్యాలని నా దగ్గరికి వచ్చేవాళ్ళకు ఆ వాక్యం చూపించి, దాని కింద సంతకం పెట్టడం మీకు సమ్మతమేనా అని ముందే అడుగుతాను. కొందరు పెడతారు, కొందరు ఫారం మడిచి ఇంటికి తీసుకెళ్తారు.